మార్త, మరియలకు ఇంట్లో చోటు

నర్సీపట్నం,
చర్చి కాంపౌండు,
4-3-1979, ఆదివారం.

రత్నమణికి,

ప్రభువు నామంలో వందనాలు. దేవుడి దయవల్ల నాకు జ్వరం, దగ్గు ఏమీ లేవు. నీ కంటికి కట్టు విప్పారనీ, ఇంకా ఎండలోకి రావద్దన్నారనీ మీ చెల్లెలు జ్ఞానమణి నక్కపల్లినుంచి రాసిన కార్డులో చూశాను. సంతోషం. ఈ ఉత్తరం నీకు ఆమే చదివి వినిపించాలి కాబట్టి ఆమెకూ, పిల్లలకూ నా దీవెనలు. నా అక్షరాలు చర్చి పాటల పుస్తకం చూసి నేర్చుకున్నవి. ఆమె పంతులమ్మ. నవ్వొస్తే నవ్వుకోమను, చదవడం మాత్రం ఆపొద్దను.

ముందు నా బాధ ఒకటి చెప్పి తర్వాత మిగతా సంగతులకు వస్తాను. అది చెప్పకపోతే కలం ముందుకు నడవదు.

మన పెళ్లయిన కొత్తలో నేను కోళ్ల గూడు కట్టాను. జ్ఞాపకం ఉందా? ఎందుకుండదు, ఊరంతటికీ జ్ఞాపకం ఉండేటట్టు చేశావు. అది గాలికి పడిపోయింది. తుపాను కాదు, ఉత్త గాలే. ఒప్పుకుంటాను. కోళ్లు పోయి చర్చి గోడ మీద కూచున్నాయి, ఆరాధనకు వచ్చినవాళ్లంతా చూశారు. ఆ రోజు నువ్వు నవ్వావు. అందులో తప్పు లేదు, నేనయినా నవ్వేవాణ్ణి. కానీ మీ చెల్లెలి పెళ్లికి పందిరి వేస్తుంటే నేను సాయానికి వెళ్లబోయాను చూడు, అప్పుడు నలుగురిలో ఏమన్నావు? "ఆయన సేతికి సుత్తి ఇవ్వకండర్రా, పందిరి మన నెత్తి మీద పడిపోద్ది" అన్నావు. అందరూ నవ్వారు. మీ నాన్న కూడా నవ్వాడు, ఎప్పుడూ నవ్వని మనిషి. అప్పటినుంచి మన ఇంట్లో మేకు కొట్టాలన్నా వడ్రంగి జోగులుకే కబురు. గడియ ఊడితే జోగులు. మంచం కోడు విరిగితే జోగులు. ఇంత పెద్ద చర్చికి గంట కొట్టేవాణ్ణి, తలుపులు తీసి మూసేవాణ్ణి నేను, నా ఇంటి గడియ బిగించడానికి పనికిరాకుండా పోయాను. నేను ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టి మరిచిపోయాననుకున్నావు. మరిచిపోలేదు.

ఇప్పుడు విను. మార్తకూ మరియకూ ఇంట్లో చోటు కట్టాను. నా చేతుల్తో కట్టాను. జోగులు ఒక్క మేకు కొట్టలేదు.

కార్డులో నువ్వు చెప్పించిన మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. "నా తాబేళ్లు రెండిటికీ ఇంట్లో సోటు సూపించి అప్పుడు నన్ను పిలవమను. అవి వాకిట్లో ఉన్నన్నాళ్లూ నేను నక్కపల్లిలోనే ఉంటాను" అన్నావట. జ్ఞానమణి నీ మాటను నీ మాటలాగే రాసింది. చదువుతుంటే నువ్వు గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డట్టే ఉంది. ఆపరేషనుకు బయల్దేరేముందు నేనన్న దానికి ఇది జవాబని నాకు తెలుసు. "తాబేళ్లు కాపురం చేసే ఇంట్లో మనుషులు కాపురం చెయ్యరు" అన్నాను. నిన్ను ఆసుపత్రి బల్ల మీద పడుకోబెట్టి కంటిలో కత్తి పెడతారంటే నాకు భయమేసింది. ఆ భయం నీ మీద చూపించలేక తాబేళ్ల మీద అరిచాను. అవి ఏమీ అనుకోలేదు. నువ్వే అనుకున్నావు.

అవి నీకు ఎంతో నాకు తెలియదనుకోకు. కొండ మీది బుల్లమ్మ కూతురికి పురుడు కష్టమైతే నువ్వు దగ్గరుండి తల్లినీ బిడ్డనూ బతికించావు. ఆ సంతోషంలో బుల్లమ్మ గోనెసంచిలో ఈ రెండిటినీ తెచ్చి, "కూర వొండుకోండమ్మా, మేకమాంసం దీని ముందర పనికిరాదు" అంది. ఒకటి సంచిలోంచి పడ్డ వెంటనే ఇల్లంతా తిరిగి వంటింట్లో సామాను సర్దడం మొదలుపెట్టింది. రెండోది నీ కాళ్ల దగ్గర కూచుని నీ మొహంలోకి చూసింది. నువ్వు పెద్దగా నవ్వి, ఇది మార్త, ఇది మరియ అన్నావు. బైబిలు వాక్యంలో అక్కచెల్లెళ్లు ఇద్దరూ అంతే కదా, ఒకామె పనిలో పడి పరుగెత్తుతుంటే ఇంకొకామె ప్రభువు పాదాల దగ్గర కూచుని మాట వింది. నాకు అప్పుడే తెలిసిపోయింది. పేరు పెట్టిన దాన్ని ఎవరు కూర వండుకుంటారు?

చోటు సంగతి. ముందు గదిలో తూర్పు కిటికీ కింద నీ ఇనప్పెట్టె ఉండేది కదా, దాన్ని మంచం కిందకు తోసేశాను. ఆ స్థలం మంచమంత పొడుగు, మంచంలో సగం వెడల్పు. పొద్దుటి ఎండ ఒక పక్క పడుతుంది, ఇంకో పక్క ఎప్పుడూ నీడే. పలకలు కావాలని పాస్టరు అయ్యగారిని అడిగాను. చర్చిలో వెనక వరుస బెంచీ ఒకటి విరిగి పడి ఉంది. అయ్యగారు, "తీసుకో యేసురాజూ, కూర్చునేవాళ్లు తగ్గిపోయి బెంచీలే మిగిలాయి" అన్నారు. పాపం, ఈ మధ్య ఆయనకు ఆ దిగులు పట్టుకుంది.

నేను పలకలు మోసుకొస్తుంటే పక్కింటి మహాలక్ష్మమ్మ గోడ మీంచి చూసింది. "ఏటి యేసురాజు బాబూ, తాబేలు సొరబడ్డ ఇల్లూ, కోర్టు అమీనా సొరబడ్డ ఇల్లూ బాగుపడవంటారు. మీకా బయం నేదా?" అంది. "అమీనా వస్తే జప్తు చెయ్యడానికి మా ఇంట్లో ఏముందమ్మా, ఈ రెండు తాబేళ్లే ఉన్నాయి" అన్నాను. ఆమె నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మర్నాటినుంచి వాళ్ల పెరట్లో తోటకూర కట్ట గోడ మీద పెట్టి, "మీ అమీనాలకి" అని కేక వేసి పోతోంది. రోజూ ఇదే వరస. నీ కన్ను ఎలా ఉందని కూడా రోజూ అడుగుతోంది.

పలకలు నిలబెట్టి మేకులు కొట్టాను. రెండు జానల ఎత్తు వచ్చింది. ఒక మేకు వంకర పోయింది, రెండోదాని దెబ్బ నా గోరు మీద పడింది, మిగతావన్నీ తిన్నగా దిగాయి. పైకి మొనలు వచ్చినవన్నీ వంచి కొట్టాను, వాటి కాళ్లకు గీరుకోకూడదు కదా. అదే సమయానికి జోగులు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరు చెప్పారో, సుత్తి చప్పుడే చెప్పి ఉంటుంది. బీడీ నోట్లోంచి తియ్యకుండా చూసి చూసి, "యేసురాజన్నా, ఇది తాబేళ్లకా, శవానికా?" అన్నాడు. నేను ఇంకో మేకు అందుకున్నాను. "కోళ్లయితే గోడెక్కినాయి. ఇయి ఏటెక్కుతాయో" అన్నాడు. "తాబేలు గోడ ఎక్కడం ఎక్కడైనా చూశావురా? నీ పని చూసుకో" అన్నాను.

అనకుండా ఉండాల్సింది. మార్తను అందులో దింపి నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి లోపల లేదు. మూలలో రెండు పలకలు కలిసే చోట ఒక కాలు ఈ పలక మీద, ఒక కాలు ఆ పలక మీద పెట్టి, మనిషి తాటిచెట్టు ఎక్కినట్టు ఎక్కేసింది. పొయ్యి దగ్గర కట్టెల కింద దొరికింది. జోగులు గుమ్మం పట్టుకుని కూలబడి నవ్వాడు. కళ్లు తుడుచుకుని, నాతో కాకుండా గోడతో అన్నట్టు, "మూలల మీద అడ్డంగా తలో ముక్కా కొట్టీస్తే ఏ పురుగూ ఎక్కదు గానీ, మనకెందుకు, మనల్ని అడిగినోడెవడు" అంటూ పోయాడు. నేను విన్నట్టు కనబడలేదు. అతను వీధి మలుపు తిరిగాక నాలుగు మూలల మీదా అడ్డపలకలు కొట్టాను. అంతే, ఆ తర్వాత మార్త మూలకు పోయి పైకి చూసి తిరిగి వస్తోంది.

కొంచెం ఆగు, సాయంత్రం ప్రార్థన కూటానికి గంట వేళైంది. ఈస్టరు ముందు శ్రమల దినాలు కదా, రోజూ కూటాలే. కొట్టి వచ్చి రాస్తాను.

వచ్చాను. నువ్వు లేనప్పటినుంచి గంట కొట్టి ఇంటికొస్తే, "ఇయాల ఒకటి ఎక్కువ కొట్టినావు, నెక్క మర్సిపోనావేటి" అనే మనిషి లేదు. నేను ఎన్ని కొట్టినా అన్నీ సరిగ్గానే ఉంటున్నాయి. ఏం బాగుంటుంది చెప్పు?

సరే, ఎక్కడ ఆపాను. మూలలు. మూలలయ్యాక తప్పు ఒకటి చేశాను. చెబుతాను, తిట్టకు. చోటు శుభ్రంగా ఉండాలని, చర్చి గచ్చు కడిగినట్టే ఫినాయిలు పోసి కడిగాను. ఇన్నేళ్లుగా కడుగుతున్న చెయ్యి అది, శుభ్రమంటే ఫినాయిలే దానికి తెలుసు. మార్త లోపల అడుగుపెట్టి ముక్కులోంచి బుడగలు తీసింది. నా కళ్లే మండిపోయాయి. ఆ వాసన పోవడానికి కిటికీ, తలుపు తెరిచి పెట్టి రెండిటినీ బయట ఉంచాల్సి వచ్చింది. బయట ఉంచితే కుక్కలు. మహాలక్ష్మమ్మ వాళ్ల గోడ దూకి ఒక నల్ల కుక్క వస్తోంది, నీకు తెలిసిందే, దానికి భయమూ సిగ్గూ లేవు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో నలుగురికి బాప్తిస్మం. ముందురోజే నేను బావిలోంచి నీళ్లు చేది వేదిక వెనక తొట్టి నిండా నింపాను. పొద్దున్నే చూస్తే తాబేళ్లు రెండూ ఎండకు వాడిపోయినట్టు ముక్కులు పొడిగా చేసుకుని ఉన్నాయి. చర్చికి తలుపులున్నాయి, కుక్క రాదు. తొట్టిలో చల్లటి నీళ్లున్నాయి. నేను చిన్నప్పటినుంచి చెరువులో తాబేళ్లు ఈదుతుంటే చూసినవాణ్ణి. తాబేలంటే నీళ్లదే కదా అనుకున్నాను. ఆరాధన మొదలయ్యే వరకు హాయిగా ఉంటాయి, తర్వాత తీసేద్దామని రెండిటినీ తొట్టిలో విడిచి మొదటి గంట కొట్టడానికి వెళ్లాను. గంట తాడు పైన చక్రంలో ఇరుక్కుంది. దాన్ని విడదీసి కొట్టి వచ్చేసరికి నీళ్ల మీద ఏమీ లేదు. వంగి చూస్తే రెండూ అడుగున ఉన్నాయి, రాళ్లలాగ.

తెల్ల పంచె, తెల్ల చొక్కాతోనే దిగాను. నీళ్లు నడుం పైకి వచ్చాయి. మునిగి రెండు చేతులతో రెండిటినీ తీసి లేచేసరికి ఎదురుగా అయ్యగారు. ఆయన తెల్ల అంగీ వేసుకుని సిద్ధంగా ఉన్నారు. "ఇదేమిటయ్యా యేసురాజూ, నీ బాప్తిస్మం నేను పుట్టకముందే అయిపోయింది కదా!" అన్నారు. తర్వాత నా చేతుల్లో ఉన్నవాటిని చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు.

తలలు కిందికి ఉండేటట్టు పట్టుకున్నాను. మెడలు బయటకు లాగాను. మార్త ముక్కులోంచి నీళ్లు వచ్చాయి, కాసేపటికి ముందు కాలు ఒకటి ఆడించింది. మరియ కొంచెం ఆలస్యం చేసింది. మరియ ఎప్పుడూ నెమ్మదే కదా.

సరే, అది అయిపోయింది. తొట్టి నీళ్లు తోడేసి మళ్లీ నింపేదాకా సంఘమంతా కూచుని పాటలు పాడారు. పుస్తకంలో ఉన్న పాటలు సగం అయిపోయాయి. నేను తడి బట్టలతోనే నీళ్లు చేదాను.

ఆ వచ్చిన సంతకు బుల్లమ్మ అడ్డాకుల కట్టలు తెచ్చి, నీ కన్ను ఎలా ఉందో అడుగుదామని ఇంటికి వచ్చింది. జరిగింది చెప్పాను. రత్నమణీ, నన్ను మా అమ్మ కూడా అన్ని తిట్లు తిట్టలేదు. "ఓరి తాతా, ఇయి కొండ తాబేళ్లు! ఈటికి ఈత ఎక్కడిది? సెరువు తాబేలు కాళ్లు వేరు, దీని కాళ్లు వేరు, ఏనుగు కాళ్లలాగ నేవా? నీకు ఈత వొచ్చునా? నేదు గదా! నిన్నట్టుకెళ్లి గెడ్డ నీళ్లలో తోసీస్తే ఏటవుద్ది?" అంది. తర్వాత గదిలోకి వచ్చి ముక్కు మూసుకుంది. "ఇల్లు కట్టమంటే ఆసుపత్రి కట్టినావేటి?" అంది. కొంగు నడుముకు దోపి, "నెగు, బేగి నెగు, మన్ను తేవాల" అని నన్ను లేవదీసింది.

ఇద్దరం కలిసి చేశాం. అడుగున ఏటి ఇసుక, దాని మీద మామిడిచెట్టు కింది నల్లమన్ను, దాని మీద ఎండుటాకులు. రోజూ పొద్దున్న కాసిని నీళ్లు చిలకరిస్తాను, చేత్తో పిడికిలి పడితే ముద్ద కావాలి కానీ నీరు కారకూడదు. నీడ పక్కన పగిలిన కుండ సగం బోర్లించాను, అది వాటి పడకగది. నీళ్లకు నీ అట్ల మూకుడు మట్టిలో అంచు దాకా పాతాను. అందులో నీళ్లు వాటి గడ్డం దాటవు. వాటికి దాహమూ తీరుతుంది, కూచుంటే ఒళ్లూ తడుస్తుంది. అట్లు ఎలాగూ నేను వెయ్యను, నువ్వు వచ్చాక కొత్త మూకుడు కొంటాను.

తిండి తోటకూర, బచ్చలి, రాలిన జామపండు. వాన పడితే పుట్టగొడుగులు పెట్టమంది బుల్లమ్మ, ప్రాణం పెడతాయట. నువ్వు అన్నం మెతుకులు వేసేదానివి చూడు, అవి వద్దంది. ఆ తిట్లు నీకు దాచాను, వచ్చే సంతకు నువ్వే తిను.

ఇప్పుడు అవి ఎలా ఉన్నాయో చెప్పనా. మార్త పొద్దున్నే కిటికీ ఎండలో కాళ్లూ మెడా చాపి పడుకుంటుంది, పింఛను పుచ్చుకున్న మనిషిలాగ. నేను గదిలోకి వస్తే మెడ ఎత్తుతుంది. తోటకూర ఆలస్యమైతే పలకకు డిప్ప పెట్టి టక్కు టక్కుమని కొడుతుంది. చర్చిలో గంట నేను కొడితే ఇంట్లో అది కొడుతోంది. మరియ కుండలోంచి అంతగా బయటకు రావడం లేదు. కొత్త చోటు కదా, అలవాటు పడాలి.

నీ మంచం ఆ చోటు పక్కకే జరిపాను. పడుకుని చెయ్యి కిందికి వేస్తే వాటి డిప్పలు తగులుతాయి. కట్టెల పొయ్యి పెరట్లోకి మార్చేశాను, పొగ నీ కంటికి మంచిది కాదని. ఇంట్లోకి కిరసనాయిలు స్టవ్వు తెచ్చాను. దాన్ని వెలిగించడం నాకు వచ్చు, ఆర్పడం ఇంకా నేర్చుకోవాలి. ఆసుపత్రి కాంపౌండరు దగ్గరకు పోయి కంట్లో మందు చుక్కలు ఎలా వెయ్యాలో చూపించమన్నాను. ఉత్త నీళ్లతో నా కంట్లో నేనే వేసుకుని నేర్చుకున్నాను. మొదట మీసాల మీద పడ్డాయి, తర్వాత ముక్కు మీద పడ్డాయి. ఇప్పుడు సరిగ్గా కంట్లోనే పడుతున్నాయి. చెయ్యి వణకడం లేదు. నీ చెల్లెలు వేసినంత బాగా వేస్తాను.

ఇంక నేనేం చెయ్యాలో చెప్పు. నువ్వు పెట్టిన షరతు తాబేళ్లకు ఇంట్లో చోటు. కట్టాను. పడిపోలేదు. జోగులు నిన్న వచ్చి ఒక పలక పట్టుకుని ఊపి చూశాడు, అది కదల్లేదు. "ఊఁ" అన్నాడు. జోగులు ఊఁ అంటే ఏమిటో నీకు తెలుసు.

కూటాలు నడుస్తున్నాయి కాబట్టి గంట వదిలి నక్కపల్లి దాకా రాలేను. అడ్డరోడ్డు దాకా వస్తాను. అక్కడ బస్సు దిగు, నేను నిలబడి ఉంటాను. ఎండ తగలకుండా గొడుగు తెస్తాను. వంట నాకు వచ్చు, బట్టలు ఉతుక్కోవడం వచ్చు, అందుకు పిలవడం లేదు. ఇంట్లో నువ్వు ఉండాలి. అంతకంటే రాయడం నాకు రాదు.

ఇట్లు,
నీ ఇంటి మనిషి,
యేసురాజు.

తా.క. జ్ఞానమణీ, ఇక్కడ ఆపు. ఇక్కడినుంచి మీ అక్కకు చదవొద్దు. బావ సంతకం పెట్టేశాడు, అయిపోయిందని చెప్పి కాగితం మడిచెయ్యి. తర్వాత నువ్వొక్కదానివే చదువు.

మరియ కాళ్లు ఆడించలేదు. మార్తకు ప్రాణం వచ్చాక దాన్ని పక్కన పెట్టి మరియను రెండో గంట వేళ దాకా చేతుల్లో పట్టుకున్నాను. మెడ లాగాను, కాళ్లు లాగాను, నోరు తెరిచి ఊదాను. రాలేదు. ఆ ఆదివారం నలుగురు నీళ్లలో మునిగి లేచారు. అది ఒక్కటే లేవలేదు. ఆరాధన అయ్యాక కాంపౌండు గోడ పక్కన గొయ్యి తీసి నా కండువాలో చుట్టి పెట్టాను. నేను తవ్వుతున్నంతసేపూ అయ్యగారు వచ్చి పక్కనే నిలబడ్డారు. ప్రార్థన చెయ్యలేదు, నవ్వనూ లేదు.

ఇప్పుడు కుండలో ఉన్నది వేరేది. నేనే బుల్లమ్మ కాళ్లావేళ్లా పడి అడిగాను, అచ్చంగా అలాంటిదే ఒకటి తెమ్మని. "అలాటిది అంటే ఎలాగ తాతా? మడిసి పోతే అలాటి మడిసిని తెత్తామా?" అంది. కానీ ఆ తర్వాతి సంతకు తెచ్చింది. రంగు అదే, మచ్చలు అవే అనిపిస్తుంది. మీ అక్కకు అద్దాలు వచ్చేదాకా చూపు ఆనదు, అద్దాలు వచ్చేసరికి దీనికే అలవాటు పడిపోతుందని నా ఎత్తు. ఒక్కటే చిక్కు. మరియ డిప్పకు కుడి పక్క అంచు విరిగి చిన్న నొక్కు ఉండేది. మీ అక్క సాయంత్రంపూట దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ నొక్కులో బొటనవేలు పెట్టి కూచునేది. దీనికి నొక్కు లేదు. జోగులు దగ్గర ఆకురాయి తెచ్చాను. ఎందుకని అతను అడిగితే చెప్పలేదు. దీన్ని ఒళ్లో పెట్టుకుని అంచు మీద ఆకురాయి ఆనించాను. కుండలోంచి బయటకు రానిది, ఆ వేళ తల బయటపెట్టి నా మొహంలోకి చూసింది. చెయ్యి ఆడలేదు. ఆకురాయి తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడు నువ్వే చెప్పాలి, మీ అక్కకు నిజం చెబుదామా, దాచేద్దామా అని అడుగుదామని ఇది మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఉంటే తెలుస్తోంది, ఇందులో నిన్ను అడగడానికి ఏమీ లేదు. ఆమె బస్సు దిగి, ఇంటికొచ్చి, మంచం మీద పడుకుని చెయ్యి కిందికి వేస్తుంది. బొటనవేలు వెతుక్కుంటుంది. నేను పక్కన గొడుగు పట్టుకుని నిలబడి చూస్తుండాలి. అది నా వల్ల కాదు. అబద్ధం చెప్పి ఆమెను ఇంటికి తెచ్చుకోలేను.

పైన చదవొద్దని రాసిన దాని మీద గీత కొట్టాను. కనబడుతోందా? అంతా చదువు. సంతకం దగ్గర ఆపకుండా ఇక్కడి దాకా చదువు. ముందు ఆమెను నీడలో కూచోబెట్టు. మెల్లగా చదువు. ఏడిస్తే కన్ను నలపకుండా చూడు, డాక్టరు వద్దన్నాడు, మెత్తని గుడ్డతో నువ్వే ఒత్తు. కొత్తదానికి నేను పేరు పెట్టలేదని చెప్పు. అది ఆమె పెట్టాలి.

శనివారం పదో తారీఖు లోపల నాకు జవాబు కావాలి. తిట్లుంటే తిట్లే రాయి, ఆమె అన్నది అన్నట్టు రాయి, నీ పంతులమ్మ భాషలోకి మార్చకు. రానంటే ఎందుకని రాయక్కర్లేదు, నాకు తెలుసు. వస్తానంటే ఏ బస్సుకో రాయి.